ఆటోనగర్ షెడ్డులో ఎస్టీమ్ క్లచ్ పని: ప్లేటు కంటే ముందు వైరు

విజయవాడ ఆటోనగర్‌లో పేరు బోర్డు కూడా లేని ఒక క్లచ్ షెడ్డులో నా మారుతి ఎస్టీమ్‌కు చేయించిన పని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పని పూర్తయి నాలుగు నెలలు దాటింది, బండి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. షెడ్డు గేటు దాటిన మొదటి రోజు ఉత్సాహంలో కాకుండా, వేసిన సామాను మన ఎండకూ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌కూ ఎలా తట్టుకున్నదో చూశాకే రాయాలని ఆగాను. నేను అడిగిన పని ఒకటి, అక్కడి మేస్త్రి గారు చేసిన పని మరొకటి. ఆయన చేసినదే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఎస్టీమ్‌ను పెర్ఫార్మెన్స్ కారు అంటే ఈనాటి కుర్రవాళ్లు నవ్వవచ్చు. 1994లో మార్కెట్లోకి వచ్చి 2007లో ఉత్పత్తి ఆగిపోయిన ఈ సెడాన్‌లో 1298 సీసీ ఇంజను ఉంటుంది. చివరి మోడళ్లలో 85 హార్స్‌పవర్ ఇచ్చేది. బరువు తొమ్మిది వందల కిలోలకు అటూ ఇటూ ఉండే శరీరానికి అది తక్కువేమీ కాదు. దేశవాళీ ర్యాలీల్లో జిప్సీలతో పాటు ఎస్టీమ్‌లు కూడా దుమ్ము రేపడానికి కారణం అదే. నా బండి 2004 మోడల్. హెడ్ పోర్టింగ్ చేయించి, నాలుగు గొట్టాల హెడర్, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేయించాను. అందువల్ల ఇంజను కంపెనీ ఇచ్చిన దానికంటే కొంత ఎక్కువగానే లాగుతుంది.

ఈ కారు క్లచ్‌లో ఆయిల్ సిలిండర్లు ఉండవు. పెడల్ దగ్గర మొదలైన ఉక్కు తీగ ఒకటి ఫైర్‌వాల్ (డ్రైవరుకూ ఇంజనుకూ మధ్య ఉండే రేకు గోడ) గుండా ఇంజను గదిలోకి వచ్చి, వంపు తిరిగి, గేర్‌బాక్స్ మీద ఉన్న రిలీజ్ చేతిని (లీవరును) లాగుతుంది. దీనినే మన మేస్త్రులు క్లచ్ వైరు అంటారు. పెడల్ తొక్కితే చేయి కదులుతుంది, చేయి తిరిగితే లోపలి ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ను నెడుతుంది, బేరింగ్ వెళ్లి ప్రెషర్ ప్లేటు డయాఫ్రం స్ప్రింగ్ వేళ్లను నొక్కుతుంది, అప్పుడు క్లచ్ ప్లేటు ఫ్లైవీల్ (ఇంజనుతో తిరిగే చక్రం) నుంచి విడుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క చోట తేడా వచ్చినా తెలిసేది మాత్రం ఎడమ కాలికే, అందుకే అసలు లోపం ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

నా బండికి వచ్చిన ఇబ్బంది రెండు రకాలుగా ఉండేది. ఒకటి, పెడల్ రాయిలా గట్టిపడింది. బందరు రోడ్డులో సాయంత్రం ఏడు గంటలకు బండి నడిపి ఇంటికి చేరితే పిక్క పట్టేసేది. రెండు, మంగళగిరి వైపు నుంచి వస్తూ కృష్ణ మీది కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజను కేక పెరుగుతుంది గాని స్పీడోమీటర్ ముల్లు కదలదు. అంటే క్లచ్ జారుతోంది. అంతకు పద్నాలుగు నెలల క్రితమే నగరంలోని మరొక వర్క్‌షాపులో కొత్త క్లచ్ సెట్ వేయించాను కనుక, ఇంజను బలం పెరిగినందువల్ల కంపెనీ ప్లేటు చాలడం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. కోయంబత్తూరు నుంచి బిగింపు బలం కొంత పెంచిన ప్రెషర్ ప్లేటునూ, దానికి జోడీగా సెరామిక్ బటన్ ప్లేటునూ (మామూలు రాపిడి పొరకు బదులు సెరామిక్ బిళ్లలు అతికినది) తెప్పించి, డబ్బా చంకన పెట్టుకుని షెడ్డుకు వెళ్లాను.

మేస్త్రి గారు డబ్బా విప్పి చూడలేదు. డ్రైవర్ సీటులో కూర్చుని పెడల్‌ను మొదట చేత్తో, తర్వాత కాలితో నాలుగైదు సార్లు నొక్కారు. "పెడల్‌కు ప్లే అనేదే లేదండీ, ఎవరో బిగించి పారేశారు. ముందు వైరు సంగతి చూద్దాం, ప్లేటు ఎక్కడికీ పోదు" అన్నారు. ప్లే అంటే ఎదురు బలం తగిలే ముందు పెడల్ ఊరికే దిగే దూరం. బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ దగ్గర నట్టు వదులు చేసి, వైరును రిలీజ్ చేతి నుంచి తప్పించి, లోపలి తీగను రెండు వైపులా లాగి నాకు చూపించారు. చేత్తో సులువుగా జారాల్సిన తీగ, ఇసుకలో ఈడ్చినట్టు ఆగి ఆగి కదిలింది. పెడల్ బరువులో సగం ప్లేటుది కాదని అప్పుడే అర్థమైంది.

వంపు తిరిగిన వైరులో రాపిడి ఎంత పెరుగుతుందో చాలామందికి తెలియదు. కృష్ణ ఒడ్డున పడవ తాడును గుంజకు రెండు చుట్లు చుట్టి, ఒక్క మనిషి అంత పెద్ద పడవను నిలబెట్టడం మనం చూస్తూనే ఉంటాం. తాడు తిరిగే కోణం పెరిగేకొద్దీ పట్టు రెట్లు రెట్లుగా పెరుగుతుంది. క్లచ్ వైరులోనూ జరిగేది అదే. లోపలి ప్లాస్టిక్ పొర నున్నగా ఉన్నంత కాలం ఆ వంపు భారం తెలియదు. ఆ పొర పాడైతే, అదే వంపు దగ్గర కాలి బలంలో పెద్ద వాటా రాపిడికే ఖర్చవుతుంది. పైగా రాపిడి తొక్కేటప్పుడే కాదు, వదిలేటప్పుడు కూడా ఉంటుంది కనుక, పెడల్ పైకి వచ్చేటప్పుడు వైరు పట్టి ఆపుతుంది, క్లచ్ పూర్తిగా పట్టుకోవడం ఆలస్యమవుతుంది. గట్టి పెడలూ జారే క్లచ్చూ ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకున్నాను గాని, రెండూ ఒకే వైరు నుంచి రాగలవని ఆయన చూపించారు.

వైరు ఎందుకు పాడైంది అన్నదే ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన భాగం. పాత వైరును కోసి చూస్తే లోపలి పొర ఒకచోట కరిగి తీగకు అంటుకుపోయి ఉంది. ఎగ్జాస్ట్ వేడి కావచ్చని నేను అన్నాను. ఆయన కాదని, టార్చి వేసి గేర్‌బాక్స్ కింద చూసి, అక్కడ ఉండాల్సిన ఎర్త్ వైరు (ఇంజనును బాడీకి కలిపే పట్టీ) లేదని చూపించారు. ఇంతకుముందు క్లచ్ వేసిన వర్క్‌షాపు వారు గేర్‌బాక్స్ దించేటప్పుడు దాన్ని విప్పి, మళ్లీ బిగించడం మరిచిపోయారు. బ్యాటరీ నెగటివ్ బాడీకి ఉంటుంది. స్టార్టర్ మోటారు ఇంజనుకు ఉంటుంది. మోటారు తిరగాలంటే వందకు పైగా ఆంపియర్ల కరెంటు ఇంజను నుంచి బాడీకి తిరిగి రావాలి. దానికి వేసిన రాజమార్గం లేనప్పుడు ఆ కరెంటు సందుగొందులు వెతుక్కుంటుంది, అంటే యాక్సిలరేటర్ వైరూ, క్లచ్ వైరూ. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ నా క్లచ్ వైరు ఒక చిన్న హీటరులా పనిచేసిందన్న మాట. ఇంజనుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఒక జంపర్ కేబుల్ తగిలించి సెల్ఫ్ కొట్టించారు. ఎప్పుడూ బద్ధకంగా తిరిగే స్టార్టర్ ఒక్కసారిగా చురుగ్గా తిరిగింది. బ్యాటరీ ముసలిదైపోయిందని ఆరు నెలలుగా నేను దాన్ని తిడుతున్నాను. క్లచ్ వైర్లు వరుసగా పాడవుతున్న పాత కారు ఎవరి దగ్గరైనా ఉంటే, మూడో వైరు కొనే ముందు ఎర్త్ పట్టీ చూసుకోవడం మంచిది.

ఇక ప్లేటు సంగతి. పెడల్‌కు ప్లే లేకుండా బిగించడం వల్ల రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ డయాఫ్రం వేళ్ల మీద కొంత బరువు మోపుతూనే ఉంది, ప్రెషర్ ప్లేటు పూర్తి బలంతో నొక్కలేకపోయింది, ప్లేటు కొంచెం కొంచెంగా జారుతూ కాలిపోయింది. గేర్‌బాక్స్ దించాక చూస్తే ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు ఉన్నాయి, బేరింగ్ చేత్తో తిప్పితే గరగర శబ్దం వచ్చింది. కాబట్టి ప్లేట్లు మార్చక తప్పలేదు. అయితే నేను తెచ్చిన బటన్ ప్లేటును ఆయన వేయలేదు. ట్రాక్టర్ల ప్లేట్లకు బటన్లు అతికే షెడ్డు పక్క సందులోనే ఉంది, అది ఆయనకు కొత్త విషయమేమీ కాదు.

క్లచ్ మోయగల టార్కును (తిప్పే బలాన్ని) నిర్ణయించేవి నాలుగు: ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) పదార్థపు ఘర్షణ గుణకం, ప్లేటు సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య. ఒకే ప్లేటు ఉన్న క్లచ్‌లో ముఖాలు రెండే, వ్యాసం ఫ్లైవీల్‌ను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి పెంచగలిగేవి బలమూ, ఘర్షణే. మామూలు ఆర్గానిక్ లైనింగ్ గుణకం సుమారు 0.3 ఉంటే, సెరామిక్ బటన్లది 0.4 దాకా పోతుంది. కాగితం మీద అది లాభమే గాని, బటన్ ప్లేటు పట్టుకోవడం తలుపు వేసినట్టు ఉంటుంది. సగం వదిలి నెమ్మదిగా కదిలించే వీలు ఉండదు. రామవరప్పాడు రింగు దగ్గర అడుగు అడుగున ఆగే బండికి అది శిక్షే. రెండు బలాలూ ఒకేసారి పెంచితే ఆ తాకిడి గేర్ల మీదా, యాక్సిల్ జాయింట్ల మీదా పడుతుంది. కనుక కోయంబత్తూరు ప్రెషర్ ప్లేటును మాత్రం ఉంచి, దానికి స్ప్రింగులున్న ఆర్గానిక్ ప్లేటును స్థానికంగా కొని జత చేశారు. వీధి బండికి అప్‌గ్రేడ్ అంటే ఇంతే చాలునని నా అభిప్రాయం. బటన్ ప్లేటు డబ్బా ఇంట్లో అటక మీద ఉంది, వెనక్కి తీసుకోరట.

అమరికలో ఆయన శ్రద్ధ చూపిన విషయాలు కొన్ని చెప్పాలి. ఫ్లైవీల్‌ను లేత్ మీద ముఖం తీయించారు. కొత్త ప్లేటును పాడైన ఫ్లైవీల్ మీద వేయడం, చెమట చొక్కా మీద ఇస్త్రీ చొక్కా తొడగడం లాంటిదని ఆయన మాట. క్రాంక్ వెనుక ఆయిల్ సీలూ, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలూ అడగకుండానే మార్చారు. గేర్‌బాక్స్ దించిన రోజునే చేయాల్సిన పని అది, ఆ తర్వాత ఒక చుక్క ఆయిల్ కారినా ప్లేటు పాడవుతుంది. రిలీజ్ షాఫ్ట్ తిరిగే బుష్‌లు అరిగి ఉంటే అవి కూడా కొత్తవి దించారు. ప్లేటును మధ్యకు సరిచూడడానికి పాత గేర్‌బాక్స్ నుంచి కోసి దాచుకున్న ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కను వాడారు. షాఫ్ట్ మీది స్ప్లైన్లకు (పొడవాటి గాళ్లకు) గ్రీజు వేలితో రాసి, మిగిలినది గుడ్డతో తుడిచేశారు, ఎక్కువైతే తిరిగేటప్పుడు చెదిరి లైనింగ్ మీద పడుతుంది గనుక.

నేను ఊహించని మరొక పని ఫైర్‌వాల్ దగ్గర జరిగింది. ప్రెషర్ ప్లేటు గట్టిపడితే వైరు లాగే బలం పెరుగుతుంది, ఆ లాగుడుకు ఎదురు బలం అంతా వైరు బయటి తొడుగు ఫైర్‌వాల్‌కు ఆనే చోట పడుతుంది. ఇరవై ఏళ్ల రేకు అక్కడ లోపలికి వంగుతోందని, నన్ను పెడల్ తొక్కమని చెప్పి, తాను బానెట్ వైపు నుంచి చూపించారు. రేకు వంగినంత మేర పెడల్ కదలిక వృథా. రెండు మిల్లీమీటర్ల ఉక్కు పట్టీని కోసి, రంధ్రం చేసి, వెనుక నుంచి ఆనించి బిగించారు. యాభై రూపాయల రేకు ముక్క, అరగంట పని. అయినా ఈ మొత్తం అప్‌గ్రేడ్‌లో పెడల్‌కు స్పష్టత ఇచ్చినది అదేనని నాకు అనిపిస్తుంది.

ఈ సందర్భంగా అమెరికా మస్టాంగ్‌ల సంగతి గుర్తుకు వస్తుంది. ఎనభైలు, తొంభైల ఫోర్డ్ మస్టాంగ్‌లలో కూడా క్లచ్ వైరుతోనే పనిచేసేది, సెట్టింగ్‌ను కారే స్వయంగా చూసుకునేలా పెడల్ వెనుక పళ్లున్న ప్లాస్టిక్ క్వాడ్రంట్ (పావు చక్రం లాంటి ముక్క) పెట్టారు. మామూలు క్లచ్‌కు అది సరిపోయేది. గట్టి ప్రెషర్ ప్లేటు వేసిన వారికి ఆ పళ్లు అరిగి జారిపోయేవి. అందుకే అక్కడ అల్యూమినియం క్వాడ్రంట్, చేత్తో తిప్పే ఫైర్‌వాల్ అడ్జస్టర్, కొత్త వైరు కలిపి ఒకే కిట్‌గా అమ్మడం అలవాటైంది. 2005 మోడల్‌తో ఆ కారు హైడ్రాలిక్‌కు, అంటే ఆయిల్ సిలిండర్ల క్లచ్‌కు మారింది. సుజుకీ వారు తొలి నుంచీ గేర్‌బాక్స్ దగ్గర ఒక నట్టు పెట్టి బాధ్యతను మన చేతికి వదిలేశారు కనుక, మనకు ఆ కిట్ ఖర్చు లేదు, కాని ఆ నట్టును సరిగ్గా తిప్పడం తెలియాలి.

నట్టు తిప్పే పనికి ఆయన గంటన్నర తీసుకున్నారు. పదిహేను నిమిషాల్లో ముగించే వారిని చూసిన నాకు మొదట అది చాదస్తంగా తోచింది. ముందు పెడల్‌ను ఇరవై ముప్పై సార్లు పూర్తిగా తొక్కించారు, కొత్త వైరు తొడుగు తన ఆనుడుల్లో కుదురుకోవాలని. తర్వాత ఉక్కు స్కేలును నేలకు ఆనించి పెడల్ పక్కన నిలబెట్టి, ఒక వేలితో నొక్కుతూ, ఎదురు బలం తగిలే వరకు పెడల్ ఎంత దిగుతుందో కొలిచారు. ఈ కారుకు అది 15 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గేర్‌బాక్స్ దగ్గర రిలీజ్ చేతి కొసన కొలిస్తే అదే 2 నుంచి 4 మిల్లీమీటర్లు అవుతుంది. నట్టు బిగిస్తే ప్లే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఆయన 20 దగ్గర నిలిపారు.

స్కేలు చెప్పింది చాలని వదిలేయలేదు. ఇంజను ఆన్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు అంకెలు లెక్కపెట్టి రివర్స్ వేశారు. రివర్స్‌కు సింక్రో (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) ఉండదు కనుక, ప్లేటు పూర్తిగా విడకపోతే గేరు కర్రుమని చెప్పేస్తుంది. శబ్దం రాలేదు. తర్వాత బండిని రోడ్డెక్కించి, నాలుగో గేరులో నలభై వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, ఇంజను వేగమూ బండి వేగమూ కలిసి పెరుగుతున్నాయో లేదో చూశారు. హ్యాండ్ బ్రేక్ లాగి పై గేరులో క్లచ్ వదిలి ఇంజను ఆగుతుందో లేదో చూసే పద్ధతి ఒకటి ఉంది, కొత్త ప్లేటు మీద అది చేయించడం ఆయనకు ఇష్టం లేదు. నాకూ లేదు.

కొత్త క్లచ్‌లో సెట్టింగ్ రెండు వైపులా కదులుతుందని కూడా ఆయన ముందే చెప్పారు. వైరు తొడుగు కుదురుకుంటే ప్లే పెరుగుతుంది. లైనింగ్ అరిగి ఒదిగేకొద్దీ డయాఫ్రం వేళ్లు బేరింగ్ వైపు జరుగుతాయి, ప్లే తగ్గుతుంది. మొదటి యాభై కిలోమీటర్లకే నా పెడల్ ప్లే 20 నుంచి 24కు పెరిగింది, మళ్లీ 20కి తెచ్చుకున్నాను. ఎనిమిది వందల కిలోమీటర్ల తర్వాత కొలిస్తే 16కు దిగింది. చాలామంది వాహనదారులు ఈ రెండో కదలికను గమనించరు. పెడల్ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, లోపల బేరింగ్ వేళ్లకు ఆని తిరుగుతూనే ఉంటుంది. నా పాత క్లచ్ చచ్చింది అలాగే.

ఇప్పుడు నడపడం ఎలా ఉందంటే, పెడల్ కంపెనీ క్లచ్ కంటే కొంచెం బరువు. గట్టి ప్రెషర్ ప్లేటు వేశాక అది తప్పదు. అయినా పాత కరిగిన వైరుతో పోలిస్తే చాలా తేలిక. పట్టుకునే చోటు పెడల్ ప్రయాణంలో మధ్యకు కొంచెం కిందుగా ఉంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో గట్టిగా లాగించినా, వారధి మీద నాలుగో గేరులో లాగించినా జారడం లేదు. మొదటి ఐదారు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమని చెప్పిన మాట పాటించాను. ఒక్క లోపం మాత్రం ఉంది. మిట్ట మధ్యాహ్నం ట్రాఫిక్‌లో గంట సేపు నలిగిన తర్వాత ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు సన్నటి వణుకు తెలుస్తుంది, బండి చల్లబడితే పోతుంది. నేను సర్దుకున్నాను, అందరూ సర్దుకోరు.

షెడ్డు మీద నాకున్న అసంతృప్తులు కూడా చెప్పాలి. ఒక రోజులో ఇస్తామన్న బండి మూడో రోజు సాయంత్రానికి చేతికి వచ్చింది. లేత్ దగ్గర ఆలస్యమైందని నేను వెళ్లి అడిగితే తప్ప చెప్పలేదు. కూర్చోవడానికి పాత లారీ సీటు ఒకటి తప్ప చోటు లేదు, చుట్టూ లారీ బాడీలకు రేకులు కొట్టే మోతలో ఫోన్ మాట్లాడడం కూడా కష్టం. బిల్లు అట్టముక్క మీద రాసి ఇచ్చారు. పన్ను రశీదు కావలసిన వారు ముందే అడగాలి. స్టీరింగ్ మీద గ్రీజు వేలిముద్రలు మూడు దొరికాయి.

ఖర్చు విషయానికి వస్తే, ప్రెషర్ ప్లేటు నేను తెచ్చినదే కనుక దాన్ని పక్కన పెడితే, ఆర్గానిక్ ప్లేటు, బేరింగ్, వైరు, సీళ్లు, బుష్‌లు, ఎర్త్ పట్టీ కలిపి 4,150 రూపాయలు, ఫ్లైవీల్ లేత్ పనికి 600, కూలి 3,000 అయ్యాయి. ఎర్త్ పట్టీ వెల అందులో 120 మాత్రమే. పాత సామాను అంతా సంచిలో వేసి వెనక్కి ఇచ్చారు, కోసిన వైరు ముక్కతో సహా.

వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ రమ్మన్నారు, వెళ్లాను. స్కేలు పెట్టి చూసి, నట్టును కొద్దిగా వదిలి, ప్లే మళ్లీ 20కి తెచ్చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ నట్టు ఇక మీరే తిప్పుకోవచ్చండీ, స్పానర్ డిక్కీలో పడేసుకోండి" అన్నారు. ఆ తర్వాత మూడు వేల కిలోమీటర్లలో నేను దాన్ని ఒక్కసారే ముట్టుకున్నాను, అదీ పావు చుట్టు.